పూసిన నోరు

ఆ రోజు కూడా నైవేద్యం గంట మోగేసరికి మిట్టమధ్యాహ్నం దాటిపోయింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ రామాలయం కమిటీ ప్రెసిడెంటు పరబ్రహ్మంగారు తాల్‌బగీచా పేట నుంచి రిక్షాలో తీరిగ్గా వచ్చి దిగి, పట్టుపంచె సర్దుకుని, గర్భగుడి ముందు తన పీట మీద కూర్చున్నాకే సీతారాములు అన్నం తినాలి. రాములవారు తిన్నాకే పూజారి తినాలి. పూజారి తిన్నాకే పూజారి పెళ్ళాం తినాలి. వరస బాగానే ఉంది, వరసలో మొదటివాడికి.

గుడి వెనక రెండు గదుల ఇంట్లో సరోజాదేవి విస్తరి వేసి కూర్చుంది. పూజారి సోమయాజులు మడిబట్టతోనే వచ్చి పీట మీద కూలబడ్డాడు. చీకటితో లేచిన మనిషి. అప్పట్నించీ ఉద్ధరిణెడు తీర్థం తప్ప గొంతులో ఏమీ పడలేదు. చారూ అన్నం మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి, దాన్ని వేలితో ఎడమ దవడ వైపు నెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మింగడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాడు.

"ఏటండీ, మళ్ళీనా?"

ఆయన తలాడించాడు.

"ఏదీ, నోరు తెరవండి."

"తినీ వేళ ఏటే ఇది..."

"తెరవండంటే తెరవండి."

ఆవిడ గూట్లో టార్చి తీసి వేసింది. కింది పెదవి లోపల రెండు, నాలుక అంచున ఒకటి, తెల్లటి పొక్కులు, చుట్టూ ఎర్రటి వాపు. కుడి బుగ్గ లోపలిది అన్నిటికన్నా పెద్దది, కందిగింజంత. దానికి ఎదురుగా విరిగిన దవడ పన్ను బ్లేడు ముక్కలా కనిపించింది. పోయిన నెల పూసినవి మాని పట్టుమని పదిరోజులు కాలేదు.

ఆవిడ చెయ్యని వైద్యం లేదు. పటిక నీళ్ళు పుక్కిలించమంది. నెయ్యి రాసింది, తేనె రాసింది. కామంచి ఆకు ఎక్కడెక్కడో వెతికి తెచ్చి పప్పులో వేసింది. వేడి చేసిందని ఒకరు, ఖరగ్‌పూర్ నీళ్ళు పడలేదని ఒకరు, దిష్టి అని ఒకరు. పొక్కులు మాత్రం చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాల్లా వస్తూనే ఉన్నాయి.

"బాలభోగం ఆపినప్పటి నుంచే ఈ దిక్కుమాలిన పూత," అంది సరోజ, టార్చి ఆర్పి విసురుగా పక్కన పెడుతూ. "పొద్దున్న ఇంత దద్దోజనం కడుపులో పడ్డన్నాళ్ళు బాగానే ఉన్నారు కాదేటి?"

నిజమే. మొన్న దసరా దాకా పొద్దు పొడవగానే స్వామికి బాలభోగం పేరుతో దద్దోజనం నైవేద్యం ఉండేది. నిమ్‌పురా రైల్వే షెడ్డుకి డ్యూటీకి వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు గోడకి ఆనించి, దోసిట్లో ఇంత ప్రసాదం పట్టుకుని వెళ్ళేవారు. మిగిలింది పూజారి తినేవాడు. దసరా తర్వాత పరబ్రహ్మంగారు ప్రెసిడెంటయ్యాడు. రైల్వే ఆఫీసులో బడాబాబుగా, అంటే హెడ్‌క్లర్కుగా, రిటైరైన మనిషి. ఆఫీసు పోయినా అజమాయిషీ పోలేదు. 'ఎవరూ లేని వేళ తెర వేసుకుని లోపల ముందు తినేది దేవుడో పూజారో ఎవడు చూసొచ్చాడు?' అని నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే బాలభోగం ఆపేశాడు. ఇక రోజుకి ఒక్కటే నైవేద్యం, అదీ తన ఎదురుగా.

"పోనీలేవే. పెద్దాయన," అన్నాడు సోమయాజులు. ఆ మాట కూడా ముద్దముద్దగానే వచ్చింది.

"పెద్దాయన కాబట్టి కడుపు మాడ్చాలేటి? మీకు నోట్లో నాలుక లేదు కాబట్టి గాని..." అని, ఆ నాలుక మీద ఇప్పుడే చూసిన పుండు గుర్తొచ్చి ఆగిపోయింది. సగం ముద్దలు విస్తట్లోనే వదిలి ఆయన లేచాడు. సరోజకి ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం సహస్రనామానికి జనం బాగానే వచ్చారు. శ్రీరామనవమి దగ్గరకొచ్చింది కదా, పందిరి రాటలు కూడా పాతేశారు. సోమయాజులు మొదలుపెట్టాడు. నాలుక అంచు పళ్ళకి తగిలినప్పుడల్లా మొహం ముడుచుకుంటోంది. 'శ' అనాల్సిన చోట గాలి పోతోంది, ఒత్తులు ఒరుసుకుపోతున్నాయి. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న సరోజ పెదవులు కదుపుతూ ఆయనతో పాటు ప్రతి నామాన్నీ లోలోపల మోస్తోంది. ఒక నామం దగ్గర ఆయన ఆగి, గుటక వేసి, మళ్ళీ అందుకోబోయాడు.

పరబ్రహ్మంగారు చెయ్యి ఎత్తాడు.

"ఆపండి పంతులుగారూ. స్వామికి ఈ నత్తి పాఠం వినిపించడం కన్నా మానేస్తే పుణ్యం. ఏటైంది మీ నోటికి?"

"పూసింది బాబుగారూ. తగ్గిపోద్ది."

"పోయిన నెల పూసింది. అంతకుముందు నెలా పూసింది." ఆయన జనం వైపు తిరిగాడు. "మా పెద్దలు చెప్పేవారు. స్వామికి పెట్టకముందే రుచి చూసిన నోరు ఇలాగే పూస్తుందట. నేనేం అనడం లేదు. పెద్దల మాట చెప్తున్నాను."

జనంలో కొన్ని తలలు ఊగాయి. ఆ మాట అందరి చిన్నతనంలోనూ ఎవరో ఒకరు చెప్పిందే. షెడ్డులో ఫిట్టరుగా చేసే సింహాచలం, కమిటీ మెంబరే, తల గోక్కున్నాడు. "అదేటి బాబూ, అయ్యోరు అలాటి మడిసి కాదు. మేం ఎరగమా."

"కాదంటే మంచిదే. నవమి నాడు పొద్దున్న కల్యాణానికి ముందు అందరి ఎదటా కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమందాం. మాట తడబడకుండా చెప్తే ఆయనే కల్యాణం చేస్తాడు. తడబడితే స్వామే నోరు కట్టేశాడని అర్థం. టాటానగర్ నుంచి వేరే అయ్యవారిని పిలిపిస్తాను, ఈయన ఇల్లు ఖాళీ చేసి వెళ్ళొచ్చు."

తడబడకుండా! పుండ్లతో నిండిన నోటిని పట్టుకుని తడబడకుండా మాట్లాడమనడం. సరోజకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది. మొగుడు కళ్ళతోనే కూర్చోమన్నాడు. ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్న పరబ్రహ్మంగారి భార్య శ్యామలాంబ, చెంగు నోటికి అడ్డంగా పెట్టుకుని, తల దించుకుని నేల వైపే చూస్తోంది.

ఇంటికి రాగానే సరోజ విరుచుకుపడింది. "మీరు ప్రమాణం చెయ్యడానికి వీల్లేదు. దొంగతనం చేసినవాడిని కదా ప్రమాణం అడుగుతారు!"

"తప్పు చెయ్యనప్పుడు భయమేటే? చేసేస్తే పోలా?"

"నోరు తిరక్కపోతే?"

ఆయన చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు నైవేద్యం కాగానే, రానంటున్న మనిషిని రిక్షా ఎక్కించి గోల్ బజార్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. సేన్ డాక్టరు ముసలాయన. ఊళ్ళో సగంమందితో వాళ్ళ భాషలోనే నాలుగు ముక్కలు మాట్లాడతాడు, ఆడవాళ్ళందరినీ బౌదీ అని, అంటే వదినా అని, పూజారుల్ని ఠాకుర్ మొశాయ్ అని పిలుస్తాడు. సోమయాజుల్ని కుర్చీలో వెనక్కి వాల్చి, అద్దం పెట్టి చూసి, నాలుక చప్పరించాడు.

"ఈ పన్ను ఎప్పుడు విరిగింది ఠాకుర్ మొశాయ్?"

"ప్రసాదం కొబ్బరి కొరికినప్పుడు," అంది సరోజ బెంగాలీలో, ఆయనకి బదులు. "దాని వల్లేనా?"

డాక్టరు సన్నటి ఆకురాయి లాంటి దాంతో పన్ను అంచు అరగదీశాడు. వేలితో తడిమి చూసి, ఇంకాస్త అరగదీశాడు. "బుగ్గలోది దీని వల్లే. కానీ పన్ను ఒక్కటే అయితే పుండు అక్కడే ఉండాలి. పెదవి మీదికీ నాలుక మీదికీ ఎందుకొస్తుంది?" కంటి కింది రెప్ప లాగి చూశాడు. లోపల పాలిపోయి ఉంది. "రక్తం లేదు. నిద్ర?"

"చీకటితో లేస్తారు. పడుకునేసరికి ఊరంతా పడుకుంటుంది."

"పొద్దున ఏం తింటారు?"

సరోజ చెప్పింది. డాక్టరు చేతిలో అద్దం కింద పెట్టాడు.

"చూడండి బౌదీ. ఈ పూత ఎందుకొస్తుందో ఇదమిత్థంగా ఎవరూ చెప్పలేరు. కొందరికి వంశంలోనే ఉంటుంది."

"మా నాన్నకీ వచ్చేది," అన్నాడు సోమయాజులు మెల్లిగా.

"చూశారా. అలాంటి నోటికి పన్ను గుచ్చుకున్నా, ఒంట్లో రక్తం తగ్గినా, నిద్ర లేకపోయినా, వేళకి తిండి లేకపోయినా, మనసులో దిగులున్నా చాలు, పూస్తుంది. ఈయన అన్నీ కట్టగట్టి పెట్టుకుని కూర్చున్నాడు."

సరోజ ముందుకు వంగింది. "దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేస్తే పూస్తుందంటున్నారు."

డాక్టరు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు. "తిన్నందుకు కాదు బౌదీ. తిననందుకు."

బిళ్ళలు ఇచ్చాడు, రక్తం పట్టేవి, పూతకి వేసేవి. రాసుకోడానికి మందిచ్చాడు. మానడానికి వారం పైనే పడుతుందన్నాడు. పొద్దున్నే ఏదైనా తిని బిళ్ళ వేసుకోవాలన్నాడు. రిక్షాలో సోమయాజులు చెప్పేశాడు, నైవేద్యం కాకుండా తాను తినేది లేదని. ఆ మాట మాత్రం నత్తి లేకుండా చెప్పాడు.

"అయితే నైవేద్యమే పొద్దున్న పెట్టాల," అంది సరోజ.

నవమికి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే తాల్‌బగీచా వెళ్ళింది, మొగుడికి చెప్పకుండా. బాలభోగం మళ్ళీ పెట్టించమని, ప్రమాణం మాట వెనక్కి తీసుకోమని అడగడానికి. బతిమాలాలనే వెళ్ళింది. దారి పొడుగునా వినయంగా మాట్లాడడం సాధన చేస్తూనే వెళ్ళింది.

పరబ్రహ్మంగారు భోజనం చేసి కునుకు తీస్తున్నాడు. లోపలి గది నుంచి గురక వినిపిస్తోంది. వంటింట్లో శ్యామలాంబ అప్పుడే కంచం ముందు కూర్చుంది. సరోజని చూసి కంగారుగా లేవబోయింది.

"కూచోండి పిన్నిగారూ. ఇప్పుడా తినడం?"

"ఆయన గుడి నుంచి వచ్చి తిని పడుకున్నాకే కదమ్మా. ఎప్పుడూ ఇంతే."

కంచంలో కూర లేదు, పులుసు లేదు. గిన్నెల్లో అన్నీ ఉన్నాయి, కంచంలోకి మాత్రం రాలేదు. అన్నంలో నీళ్ళ మజ్జిగ పోసుకుని, వేళ్ళతో మెదిపి మెదిపి పేస్టులా చేసింది. చిన్న ముద్ద నోట్లో పెట్టుకుని, వేలితో ఒక పక్కకి నెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆ కళ్ళు మూసుకోవడం సరోజకి తెలుసు. రోజూ ఎదురుగా కూర్చుని చూస్తున్నదే.

"పిన్నిగారూ... మీకూనా?"

శ్యామలాంబ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊరుకో తల్లీ. ఆయన వింటారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కాపరానికి వచ్చిన కాణ్ణించీ. వస్తాది, పోతాది." గొంతు బాగా తగ్గించింది. "మా అత్తగారు అనేవారు, వండుతూ ఉప్పు చూసినావు, అందుకే పూసింది అని. ఎంగిలి చేతి వంట మావాడికి పెట్టినావు అని. నేను చూడలేదమ్మా. ఒట్టు. ఆవిడ పోయినా ఇప్పటికీ చూడను. ఉప్పు చూడకుండానే వండినాను ఇన్నేళ్ళూ."

సరోజ గిన్నెల వైపు చూసింది. ఈవిడ వంట అమృతం అంటారు తెలుగు వాళ్ళలో. ఒక్కసారి కూడా నాలుక మీద వేసుకోకుండా, చేతి అంచనాతో, భయంతో వండిన వంట అది.

"మరి మొన్న గుడిలో మా ఆయన్ని అన్నప్పుడు..."

"నేనేటి చెయ్యగలనమ్మా?" శ్యామలాంబ కళ్ళు తుడుచుకుంది. తర్వాత, తలుపు వైపు ఒకసారి చూసి అడిగింది. "ఆ గోల్ బజార్ డాక్టరు... ఆడవాళ్ళ నోరు కూడా చూస్తాడేటి?"

సరోజ డాక్టరు చెప్పిందంతా చెప్పింది. శ్యామలాంబ ముద్ద కలుపుతూనే వింది. 'తిననందుకు' అన్న దగ్గర ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

గురక ఆగింది. పరబ్రహ్మంగారు తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చాడు. సరోజ నిలబడి, సాధన చేసిన మాటలే చెప్పింది, వినయంగానే చెప్పింది. పొద్దున్న గుప్పెడు దద్దోజనం నైవేద్యం చాలండి, డాక్టరు కూడా అన్నాడండి.

"పళ్ళు పీకేవాడికి దేవుడి సంగతులేం తెలుసమ్మా?" అన్నాడు ఆయన పడక్కుర్చీలో వాలుతూ. "మా ఇంట్లో చూడు. మా ఆవిడ ఇన్నేళ్ళుగా మడి కట్టుకుని వండుతోంది, నేను తినకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఏ పూతా లేదు, ఏ రోగమూ లేదు. నిష్ఠ అంటే అదీ."

సరోజ నాలుక చివరి దాకా వచ్చేసింది మాట. ఆయన వెనక వంటింటి గుమ్మంలో శ్యామలాంబ, చెంగు నోటికి అదిమి పట్టుకుని, వద్దు వద్దని తల అడ్డంగా ఆడించింది. సరోజ పళ్ళు పటపట కొరుక్కుంది. వస్తానండీ అని కూడా అనకుండా బయటికి వచ్చేసింది. రోడ్డు మీద ఎండలో నడుస్తుంటే ఆయన మీద ఎంత కోపమో ఆవిడ మీదా అంత కోపం వచ్చింది. ఆవిడ నోరు మూసుకున్నంత కాలం తన మొగుడి నోరు దొంగ నోరే. అంతలోనే ఆవిడ కళ్ళలోని భయం గుర్తొచ్చి, తన మీద తనకే కోపం వచ్చింది.

నవమి నాడు సరోజ చీకటితోనే తలస్నానం చేసి, మడి కట్టుకుని దద్దోజనం కలిపింది. అల్లం లేదు, మిరపకాయ లేదు, మిరియం లేదు. కమ్మటి పెరుగు, ఉప్పు, అంతే. కంచు గిన్నెలో పెట్టి అరిటాకు మూత వేసింది. సోమయాజులు చూశాడు. మడిబట్ట కట్టుకుని గుడికి వెళ్ళాడు.

పొద్దెక్కకముందే పందిరి నిండిపోయింది. పానకం బిందెలు ఒక పక్క, నానబెట్టిన వడపప్పు పళ్ళేలు ఒక పక్క. నిమ్‌పురా క్వార్టర్ల నుంచి పిల్లా జెల్లాతో వచ్చేశారు. ఆ రోజు కల్యాణం, పైగా ప్రమాణం. దేనికి ఎక్కువమంది వచ్చారో రాములవారికే తెలియాలి. పరబ్రహ్మంగారు పీట మీద కూర్చుని ఉన్నాడు, పక్కన తన వెండి పళ్ళెం. రోజూ మొదటి ప్రసాదం అందులోకే పడాలి. శ్యామలాంబ ఆడవాళ్ళ వరసలో మొదట కూర్చుంది.

ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. "రండి పంతులుగారూ," అన్నాడు పరబ్రహ్మంగారు. "అందరికీ వినపడేలా."

సోమయాజులు ముందుకు వచ్చాడు. మంట మీదికి అరచెయ్యి చాపాడు. ఆయన నోరు తెరిచాడు, మొహం నొప్పితో ముడుచుకుంది, మళ్ళీ మూశాడు. వెనక ఎవరో గుసగుసలాడారు. ఆయన ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను ప్రమాణం చెయ్యను బాబుగారూ."

పందిరి కింద కలకలం లేచింది.

"తినలేదు. అది స్వామికి తెలుసు. కానీ ఆకలేసింది." మాటలు నత్తినత్తిగా, ఒక్కొక్కటీ గీరుకుంటూ వస్తున్నాయి. "రోజూ ఆకలేసింది. మీరు రిక్షా దిగే దాకా రోడ్డు వైపే చూసేవాణ్ణి. చేతిలో పువ్వు, చూపు రోడ్డు మీద. అది తప్పయితే తప్పే. దానికి ఏ కర్పూరం ఆర్పమంటారు?"

సరోజ మొగుడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గిన్నె పట్టుకుని లేచి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి గర్భగుడి గడప మీద పెట్టింది. "బాలభోగం. ఈ పూట స్వామికి పొద్దున్నే పెడతాం. ఆపీవాళ్ళు వచ్చి ఆపండి."

"చూశారా!" పరబ్రహ్మంగారు లేచి నిలబడ్డాడు. "మాట తడబడింది. ప్రమాణానికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకేం రుజువు కావాలి? ఎంగిలి చెయ్యని నోరు పూయదు. పెద్దలు ఊరికే అనలేదు."

"అయితే నాది చూడండి."

గొంతు చిన్నది. ఎవరిదో ముందు తెలియలేదు. శ్యామలాంబ లేచి నిలబడింది. చెంగు నోటి మీద నుంచి తీసేసింది.

"నువ్వు కూర్చో," అన్నాడు పరబ్రహ్మంగారు.

"సింహాచలం, నీ దగ్గర డ్యూటీ టార్చి ఉందేటి నాయనా?"

సింహాచలం సైకిలు సంచిలో నుంచి టార్చి తీసి, బిత్తరపోతూ ఇచ్చాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన ముందు నిలబడి, కింది పెదవిని రెండు వేళ్ళతో కిందికి లాగి, నోరు తెరిచింది. ఆయన టార్చి వెయ్యలేదు. వెయ్యక్కర్లేదు, పొద్దుటి ఎండ పందిరి సందుల్లోంచి సూటిగా ఆవిడ మొహం మీద పడుతోంది. పెదవి లోపలంతా తెల్లటి పుండ్లు.

"నేనేటి ఎంగిలి చేసినానండీ?" అంది శ్యామలాంబ, పెదవి వదిలి. "మీరు తినకుండా నీళ్ళు ముట్టనని నిన్న మీరే చెప్పినారు కదా. ఉప్పు కూడా చూడలేదు నేను. మీ అమ్మగారి మీద ఒట్టు, మీ మీద ఒట్టు. చెప్పండి. ఏ దేవుడిది దొంగతనంగా తిన్నాను?"

ఆయన టార్చి పీట మీద పెట్టేశాడు. భార్య నోటి లోపలి వైపు ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

ఆడవాళ్ళ వరసలో వెనక నుంచి ఎవరో, "మా కోడలికీ పూస్తాది, చెప్పుకోలేదు," అన్నారు. ఇంకెవరో, "నాకూ," అన్నారు.

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. "అయ్యోరూ, తెర ఎయ్యండి. సావికి పెట్టీండి. గంట నేను కొడతాను."

ఎవరూ వద్దనలేదు. తెర పడింది. గంట మోగింది. ఎన్నో నెలల తర్వాత పొద్దుటి ఎండలో మోగిన ఆ గంటకి, రోడ్డు మీద డ్యూటీకి పోతున్న ఎవడో సైకిలు దిగి చెప్పులు విడిచాడు.

తెర తీశాక సోమయాజులు గిన్నె పట్టుకుని బయటికి వచ్చాడు. పరబ్రహ్మంగారు అలవాటుకొద్దీ వెండి పళ్ళెం ముందుకు చాపాడు. సోమయాజులు కూడా అలవాటుకొద్దీ అటే వంగాడు. సరోజ అడ్డుపడబోయింది.

అప్పుడు శ్యామలాంబ వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి దోసిలి పట్టింది.

"మీరు ఉండండి," అంది మొగుడితో, వెనక్కి తిరిగి చూడకుండా. "ముందు నేను తినాల."

సోమయాజులు ఆవిడ దోసిట్లో ప్రసాదం పెట్టాడు. ఆవిడ అక్కడే, అందరి ఎదుటా, మొగుడి ముందు నిలబడి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మండింది కాబోలు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నమిలి, మింగి, సరోజ వైపు తిరిగింది.

"ఉప్పు కాస్త తక్కువైందే అమ్మా," అంది.

పరబ్రహ్మంగారు ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాడు. శ్యామలాంబ రెండో ముద్ద తీసుకుంది.